పదమూడో సెక్షన్ గారి దివ్యసముఖానికి

మహారాజరాజశ్రీ ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984, సెక్షన్ 13 గారికి,

నిన్న మధ్యాహ్నం నన్ను కుర్చీలోంచి లేపారు. అందుకే మీకు నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏ ఊరి కోర్టో చెప్పను, నా కేసు ఇంకా అక్కడే నడుస్తోంది. ఒడిశాలో మా తెలుగువాళ్లుండే జిల్లాలు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్... వీటిలో ఏదో ఒకటి అనుకోండి.

మీలో రాసింది చదివే వెళ్లాను. ఫ్యామిలీ కోర్టులో వకీలును పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు. న్యాయానికి అవసరమనిపిస్తే కోర్టే అమికస్ క్యూరీగా, అంటే తనకి సాయంగా, ఒక న్యాయ నిపుణుణ్ని పిలుచుకోవచ్చు. మొగుడూ పెళ్లాల గొడవ మొగుడూ పెళ్లాలే చెప్పుకోవాలన్నమాట. ఎంత గొప్ప మనసండీ మీది! నమ్మి, ఫైలు చంకన పెట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాను. మా ఆయన పలాస నుంచి నల్లకోటును వెంటబెట్టుకుని దిగారు. ఒక పర్మిషన్ పిటిషన్, దాని మీద ఒక సంతకం. మీ మాట ఆ పూటే చెల్లకుండా పోయింది.

ఇక కుర్చీ సంగతి. హాల్లో ముందు పొడుగు టేబులు, దాని చుట్టూ కుర్చీలు. అవి వకీళ్లవి. పార్టీలంటే కేసున్నవాళ్లు, వాళ్ల చోటు బయట వరండా. పేరు పిలిచినప్పుడు లోపలికొచ్చి చేతులు కట్టుకుని నిలబడాలి. నా కేసులో పార్టీనీ నేనే, వకీలునీ నేనే. నాలో ఒక సగానికి కుర్చీ, ఇంకో సగానికి వరండా. ఏ సగాన్ని ఎక్కడ ఉంచాలో మీరు రాయలేదు. నిన్న వకీలు సగం మాటే నెగ్గింది, కూర్చున్నాను.

బంట్రోతు వచ్చాడు. "ఆపణంకొ ఓకిల్ కియే?" మీ వకీలెవరని. నేనే అన్నాను. అతను నవ్వలేదు. "అది ఓకిల్ బాబు కుర్చీ, లేవండమ్మా" అన్నాడు. లేచాను. ఆ ఓకిల్ బాబు మా ఆయన తరఫు వకీలే. ఆయన సాయంత్రం దాకా రాలేదు. రాలేదని వాయిదా వేశారు. హక్కు లేని మనిషి, పైగా రాని మనిషి, ఆయన కోసం కుర్చీ ఖాళీగా కాచుకుని ఉంది. కేసు వేసిన మనిషి గోడకి ఆనుకుని నిలబడింది. వాయిదా అడగడానికి ఆ ఖాళీ కుర్చీ చాలింది. వద్దని చెప్పడానికి నేను నోరు తెరిస్తే, "మీ వకీలుతో చెప్పించండి" అన్నారు. ఎవరితో చెప్పించమంటారు సార్, మీతోనా?

మిగతావి పెద్ద విషయాలు కావులెండి. 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపినా మేమింకా తెలుగులోనే పోట్లాడుకుంటున్నాం. అత్తగారి తిట్లు తెలుగువి, పిటిషన్ ఇంగ్లీషుది, కౌన్సెలింగ్ ఒడియాలో. సర్దుకుపోవాల్సింది మాత్రం నేనే. మధ్యంతర మనోవర్తి, అంటే కేసు తేలేలోగా ఇప్పించే భరణం, నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలట, వీలైనంతవరకు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125లో ఉన్న ఆ "వీలైనంతవరకు", దాని బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144లోకి కూడా క్షేమంగా చేరింది. పొద్దున పలాసలో బస్సెక్కిన మనిషి భోజనాల వేళకి ఇక్కడ దిగుతాడు. ఇక్కణ్నుంచి నోటీసు అక్కడికి చేరడానికి దసరా, సంక్రాంతి రెండూ వెళ్లిపోయాయి. ఆస్తులు, అప్పులు ఇద్దరూ అఫిడవిట్‌లో చూపాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. నేను కుట్టుమిషన్‌తో సహా చూపాను. ఆయనది ఇంకా టైపు అవుతోందట.

ఆడవాళ్లకి, ఆదాయంతో పని లేకుండా, లీగల్ ఎయిడ్ వకీలును ఉచితంగా ఇస్తారు కదా అని అందరూ సలహా చెబుతున్నారు. ఇస్తారు, నాకూ తెలుసు. ఆ వకీలు వస్తే కుర్చీ ఆ వకీలుకిస్తారు. నేను మళ్లీ వరండాలోకే.

ఒక్క సంగతికి మాత్రం మీకు దణ్ణం పెట్టాలి. జీడిపప్పు షాపు తమ్ముడిదనీ, తాను అందులో కూలి మనిషిననీ మా ఆయన చెబుతున్నారు. మీ పక్కింటి 14 గారు సాక్ష్యం రూల్సు కాస్త సడలించారు కాబట్టి, నిన్నటికి ముందు ఒక వాయిదాలో, ఒక్క ముక్క అడగనిమ్మని జడ్జిగారిని బతిమాలాను. సరేనన్నారు. "రాత్రి షాపు షట్టరు తాళాలు ఎవరి దిండు కింద ఉంటాయండీ?" అన్నాను. "నా దిండు కిందే" అనేసి, తర్వాత వకీలు మొహం చూశారు. జడ్జిగారు పెన్ను తీశారు. ఎన్ని వేలు ఫీజు పోసినా ఏ వకీలుకి తడుతుంది చెప్పండి ఆ ప్రశ్న? ఆ దిండుకి గలీబు కుట్టింది నేను.

అందుకే అడుగుతున్నాను. పనికొచ్చే సెక్షన్ మీరు. ఇంకో పర్మిషన్ పిటిషన్ మీద సంతకం పడబోతుంటే ఒక్కసారైనా అడ్డం పడండి. ఎందుకు వకీలు, ఏం అవసరమొచ్చిందని అడిగించండి. అది కూడా చేతకాకపోతే ఆ పుస్తకంలోంచి లేచిపోండి. 12 పక్కన 14 వేసుకుంటారు, ఎవరికీ తేడా తెలియదు.

ఇట్లు,
పిటిషనరు