క్యారేజ్ రిటర్న్ గారి దివ్యసముఖానికి

అయ్యా,

అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో తమరు 13వ నంబరు, కంటికి కనబడని గుర్తు. టెలిటైపుల (తీగ మీద వచ్చిన సందేశాన్ని కాగితంపై అచ్చు కొట్టే యంత్రాలు) కాలంలో తమరిది పెద్ద ఉద్యోగమే. లైను అయిపోగానే అచ్చు తలను ఎడమ అంచుకు లాక్కొచ్చేవారు. వెనకే 10వ నంబరు లైన్ ఫీడ్ గారు కాగితాన్ని ఒక లైను జరిపేవారు. ఆ యంత్రాలు పోయాయి. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు లైను ముగించడానికి లైన్ ఫీడ్ ఒక్కరు చాలన్నారు. సీపీ/ఎం (పార్టీ కాదు, పాత ఆపరేటింగ్ సిస్టమ్) బాటలో డాస్, ఆ వెనక విండోస్ మాత్రం ఇద్దరినీ ఉంచేశాయి. అలా తమరు రిటైరైనా కుర్చీ వదలని హెడ్ గుమస్తాలా లైను చివరే ఉండిపోయారు. 2018 దాకా నోట్‌ప్యాడ్, తమరు లేని యూనిక్స్ ఫైలును లైన్లన్నీ కలిపి ఒకే ముద్దగా చూపించేదంటే తమరి పలుకుబడి ఎంతటిదో!

కనబడితే బాధ లేదు. మొన్న ఓ ఆఫీసు పంపిన జిల్లాల జాబితాలో గుంటూరుతో ముగిసే లైన్లేవని వెతికిపెట్టే కమాండ్ గ్రెప్‌ను అడిగితే ఒక్కటీ లేదంది. ఫైలు తెరిస్తే కళ్లెదుటే గుంటూరు, దాని వెనక కనబడకుండా తమరు! సరే, లూపులో ఒక్కో పేరుకూ డాట్ సీఎస్‌వీ (.csv) తగిలించి ప్రింట్ చేయమన్నాను. తమరు పాత అలవాటు కొద్దీ కర్సర్‌ను లైను మొదటికి లాక్కుపోయారు. ఇంగ్లిష్‌లో ఆరు అక్షరాల గుంటూరు, మొదటి నాలుగింటి మీదా డాట్ సీఎస్‌వీ ఎక్కి కూర్చుంది. మిగిలింది చివరి 'యూ ఆర్'. టెలిటైపు లేకపోయినా డ్యూటీ మరవలేదు, మెచ్చుకోవాల్సిందే.

షెల్ స్క్రిప్టు (వరస కమాండ్ల ఫైలు) మొదటి లైన్లో, దాన్ని నడిపే ప్రోగ్రాం బ్యాష్ పేరు చివర దూరితే ఇంకా తమాషా. బ్యాష్ ఉన్నచోటే ఉంటుంది, అలాంటి ఫైలే లేదని ఎర్రర్ వస్తుంది. తోకలా తమరు అంటుకున్న బ్యాష్ ఎక్కడ దొరుకుతుంది మరి? ఫైలును తెర మీద చూపే క్యాట్‌కు మైనస్ పెద్ద ఏ (cat -A) తగిలిస్తే గానీ, డాలర్ గుర్తుకు ముందు టోపీ పెట్టుకున్న ఎం (^M$) వేషంలో పట్టుబడరు.

అక్షరాలను తీసేసే టీఆర్ మైనస్ డీ (tr -d) కమాండ్‌తో ఒక్క దెబ్బకు ఊడ్చేయొచ్చు. లైను చివరివి మాత్రమే తీయాలంటే లైన్లను దిద్దే సెడ్ కమాండ్ ఉంది. ఫైళ్ల మార్పులను భద్రపరిచే గిట్ వాడితే, దాని ఆట్రిబ్యూట్స్ ఫైల్లో ఈఓఎల్ ఈక్వల్స్ ఎల్ఎఫ్ (eol=lf, అంటే లైను చివర లైన్ ఫీడే) అని రాసిపెడితే గుమ్మంలోనే ఆపేస్తుంది.

అలాగని తమరిని రోడ్డున పడేయడం లేదు. మెయిళ్లు పంపే పద్ధతి ఎస్ఎంటీపీలో, వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ 1.1 హెడర్లలో రూలు ప్రకారం లైను ముగియాలంటే తమరుండాల్సిందే. అక్కడే నిక్షేపంగా ఉండండి, నా స్క్రిప్టుల జోలికి రాకండి.

ఇట్లు,
టెర్మినల్ ముందు కూర్చున్న ఓ బాధితుడు

తా.క.: లైన్ ఫీడ్ గారూ తక్కువేం తినలేదు. ఫైలు చివర ఆయన లేకపోతే ఫైలును లైను తర్వాత లైను చదివే మామూలు వైల్ రీడ్ లూపు ఆఖరి లైనును వదిలేస్తుంది. ఆయనకు విడిగా రాస్తున్నాను.