టైల్ ఫ్లోర్ మీద సబ్‌వూఫర్‌కు స్పైక్స్ ఎందుకు?

స్పైక్స్ అంటే స్పీకర్ల కింద, బేస్ (లోతైన మోత) మోగించే సబ్‌వూఫర్ డబ్బా కింద బిగించే, కోసుగా ఉండే నాలుగు లోహపు మేకులు, అంతే. కానీ వీటి మీద జనం పెడుతున్న పైసలు, పగులుతున్న టైల్స్, కిందింటోళ్లతో అవుతున్న లొల్లి చూస్తే ఊరుకోబుద్ధి కాదు. హనుమకొండ, కాజీపేట దిక్కు అపార్ట్‌మెంట్లలో హోం థియేటర్ పెట్టుకునేటోళ్లు ఇది ఒకసారి పూర్తిగా చదవండి.

స్పైక్ ఎందుకు పుట్టిందో ముందు తెలవాలె. ఇంగ్లండ్ లాంటి చలి దేశాల్లో గోడ నుంచి గోడ దాకా కార్పెట్, దాని కింద చెక్క పలకలు ఉంటయి. మెత్తటి కార్పెట్ మీద టవర్ స్పీకర్ నిలబెడితే ఊగుతది. ఆ కార్పెట్‌ను పొడుచుకొని కింది చెక్కను పట్టుకోవడానికే ఆ మొన. మన ఇండ్లల్ల కింద మొరం, మీద కాంక్రీటు, ఆపైన టైల్ లేకుంటే గ్రానైట్, పాత ఇండ్లయితే షాబాద్ బండ. పొడవడానికి అసలు కార్పెట్టే లేదు.

"వైబ్రేషన్‌ను స్పైక్ కిందికి పంపిస్తది, మీదికి రానియ్యదు" అని అమ్మేటోళ్లు చెప్తరు. ఇది తప్పు. లోహం రెండు దిక్కులా ఒకే తీరుగ మోస్తది. స్పైక్ పని స్పీకర్‌ను ఫ్లోర్‌తో కలపడం, విడదీయడం కాదు.

రెండో మాట, "డబ్బా కదలకుంటే బేస్ టైట్ అయితది" అని. లెక్క చూద్దాం. సబ్‌వూఫర్‌లో కోన్ (ముందుకు వెనక్కి ఊగి మోత పుట్టించే పొర), దాన్ని ఊపే తీగ కాయిల్ కలిపి కదిలే బరువు 80 గ్రాములు, మొత్తం డబ్బా 15 కిలోలు అనుకోండి. కోన్ 5 మిల్లీమీటర్లు ముందుకొస్తే డబ్బా వెనక్కి పోయేది 0.027 మిల్లీమీటర్లు. కోన్ కదలికలో అది సుమారు అర శాతం, అంటే 0.05 డెసిబెల్ (శబ్దం కొలత). దాన్ని ఏ చెవీ పట్టలేదు. ఆ పోయే 0.05 కోసం సెట్టుకు వేలు పోయడం నాకు అసలు నచ్చదు.

మరి స్పైక్స్ దండుగనా అంటే, కాదు. సన్నగా ఎత్తుగా ఉండే టవర్‌కు నిలకడ ఇస్తయి, ఎత్తుపల్లాలు సరిచేస్తయి. మన టైల్ ఫ్లోర్లు బాత్రూం దిక్కో గడప దిక్కో కొంచెం వాలు ఉంటయి, అక్కడ మరలు తిప్పి మట్టం చేసుకోవచ్చు. ఆ పనికి పెట్టేటట్టయితే పద్ధతిగా పెట్టండి.

మొదలు మర సైజు చూడాలె. ఎక్కువ స్పీకర్లకు ఎం6 (6 మిల్లీమీటర్ల మర) లేకుంటే ఎం8 ఉంటది. కొన్ని అమెరికన్ కంపెనీలవి పావు ఇంచు, ఇంచుకు 20 చుట్లవి. పావు ఇంచు అంటే 6.35 మిల్లీమీటర్లు, ఎం6 దాంట్లో లూజుగా పోతది, పట్టదు. ఎం6 రంధ్రంలోకి పావు ఇంచుది ఎక్కియ్యాలని చూస్తే మర పాడైతది. వేళ్లతోనే నాలుగైదు చుట్లు సాఫీగా పోవాలె. స్పానర్ పట్టేదాకా పోకుంటే అది మీ సైజు కాదు, అక్కడే ఆపండి. ఎండీఎఫ్ (చెక్కపొడి ఒత్తి చేసిన పలక) డబ్బా లోపల ఆ మర ఇనుప ఇన్సర్ట్‌లో ఉంటది. బలంగా తిప్పితే కొన్ని రకాలవి చెక్క నుంచి ఊడి డబ్బాలో పడి గలగలమంటయి. తర్వాత వూఫర్ విప్పి తీయాల్సి వస్తది.

స్పీకర్‌ను పాత బొంత మీద పక్కకు పండబెట్టి నాలుగూ సమానంగా ఎక్కియ్యండి. లేపేటప్పుడు ఇద్దరు పట్టాలె. నిలబెట్టి ఈడ్వకండి, ఒక్క గీత పడితే టైల్ పోయినట్టే. మూడు మొనలు గట్టిగా నిలిచినంక నాలుగోదాన్ని మెల్లగా దించండి. దాని కింద కాగితం ముక్క పెట్టి లాగితే ఇంతకుముందు జారిపోయేది ఇప్పుడు పట్టుకుంటే సరిపోయింది. మేస్త్రీలు వాడే రసమట్టాన్ని స్పీకర్ మీద పెట్టి చూసి, చెక్‌నట్ (మర కదలకుండా పట్టే నట్టు) బిగించండి. ఎం6కు 10 నంబర్ స్పానర్, ఎం8కు 13. ఈ చెక్‌నట్ మరిచిపోతే నెల తిరిగేసరికి మర లూజై దానంతట అదే కిర్రుమంటది, జనం స్పీకర్ పాడైందనుకుంటరు.

ఇగ టైల్ ముచ్చట. 20 కిలోల టవర్ నాలుగు మొనల మీద నిలిస్తే ఒక్కోదాని మీద 5 కిలోలు. మొన వెడల్పు మిల్లీమీటరే అయితే చదరపు సెంటీమీటరుకు 600 కిలోల పైమాట. నాలుగోది గాలిలో ఉంటే మిగిలినవాటి మీద ఇంకా ఎక్కువ. టైల్ కింద సిమెంటు నిండుగా ఉంటే తట్టుకోవచ్చు. మన దగ్గర చాలామంది మేస్త్రీలు మధ్యలో ముద్దలు పెట్టి టైల్ అతికిస్తరు, మూలలు బోలుగా ఉంటయి. రూపాయి బిళ్లతో కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వచ్చిన చోట స్పైక్ పెట్టొద్దు. స్పైక్ కింద మధ్యలో గుంట ఉన్న ఇత్తడి బిళ్లలు పెట్టాలె. వాటికి బదులు రూపాయి బిళ్లలు పెట్టొద్దు, అవి నున్నగా ఉంటయి, మొన జారుతది. పిల్లలున్న ఇంట్లో ఆ రూపాయి బిళ్లల పని అసలు వద్దు.

సబ్‌వూఫర్ దగ్గర నా మాట ఇంకా గట్టిగా చెప్తున్న. మొదటి అంతస్తు, రెండో అంతస్తు స్లాబ్ మీద సబ్‌కు స్పైక్స్ పెడితే కంపనాన్ని నేరుగా స్లాబ్‌కు అప్పజెప్పినట్టే. స్లాబ్, బీమ్, పిల్లర్ పట్టుకొని కిందింటికి పోతది. మీకు వచ్చేది ఏమీ లేదు, వాళ్లకు నిద్ర లేదు.

దీనికి మెత్తటిది కావాలె, కానీ ఏ మెత్తటిదైనా కాదు. సబ్ బరువు పెట్టినంక దాని కింది దిమ్మ ఎంత అణిగి దిగిందో దాన్ని బట్టే అంతా. దిగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో 15.8ని భాగిస్తే వచ్చేది దాని సహజ ఊగుడు, హెర్ట్జ్‌లో (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో). దానికి 1.4 రెట్ల పైనుంచే అది కంపనాన్ని ఆపుతది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కింద పెట్టే గట్టి రబ్బరు దిమ్మ 0.1 మిల్లీమీటరే దిగితే ఊగుడు 50 హెర్ట్జ్. 70 కిందకు ఏం ఆపదు, 50 దగ్గర పైగా పెంచుతది. సబ్ పనిచేసేదే 30 నుంచి 80 మధ్యలో. రబ్బరు కదా, ఆపుతదిలే అనుకోవద్దు.

నేను చెప్పేది చౌక పద్ధతి. కరీంనగర్ చుట్టూ టాన్ బ్రౌన్ గ్రానైట్ క్వారీలున్నయి, గ్రానైట్ దుకాణాల్లో కోసినంక మిగిలిన ముక్కలు పడి ఉంటయి. 16 ఇంచుల చదరం, 18 మిల్లీమీటర్ల మందం ముక్క సుమారు 8 కిలోలు. అంచులు రుద్దించుకోండి, లేకుంటే కాలికి కోసుకుంటది. పరుపుల దుకాణంలో రెండు ఇంచుల రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు కలిపి ఒత్తింది) తీసుకొని 4 ఇంచుల ముక్కలు నాలుగు కోయించి మూలల కింద పెట్టండి, మీద గ్రానైట్, దాని మీద సబ్ దాని సొంత కాళ్లతోనే. స్కేలుతో ముందు, తర్వాత ఎత్తు కొలవండి. కనీసం 4 మిల్లీమీటర్లు దిగాలె. ఊగేటప్పుడు ఫోమ్ ఇంకొంచెం గట్టిపడుతది, కాబట్టి 6, 8 అయితే ఇంకా మంచిది. దిగకుంటే ముక్కలు చిన్నగా చేయండి, 12 దాటితే పెద్దవి పెట్టండి. టవర్ల కింద మాత్రం ఈ ఫోమ్ వద్దు, పడిపోతయి. వూఫర్ నేల దిక్కు ఉండి కిందికి ఊదే సబ్ అయితే గ్రానైట్ దాని కాళ్ల కంటే వెడల్పు ఉండాలె, కాళ్లు విప్పి ఎత్తు తగ్గించొద్దు.

దీనితో ఆగేది స్లాబ్ పట్టుకొని పోయే కంపనమే. గాల్లో పోయే బేస్‌ను ఏ దిమ్మా ఆపదు, దానికి వాల్యూం తగ్గించుడే.

ఇంత చేసినా గుయ్‌మని మోగుతుంటే తప్పు గదిది. 12 అడుగుల గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 57 దగ్గర బేస్ ఉబ్బుతది. ఇటుక గోడలు, స్లాబ్, టైల్స్ ఉన్న మన గదులు బేస్‌ను పీల్చుకోవు. సబ్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, ఒకే బేస్ పాట మోగిస్తూ గోడల వెంట వంగి తిరగండి, చెవి సబ్ ఎత్తులో ఉండాలె. ఎక్కడ అన్ని స్వరాలూ సమానంగా వినిపిస్తయో అక్కడే సబ్ స్థలం. మూలలో పెట్టుడు అలవాటు మానుకోండి. సోఫా వెనక గోడకు ఆనిస్తే ఇంకో అడుగున్నర ముందుకు జరపండి.

ఇంట్లో సామాన్లు ఏవన్నా గుర్రుమంటుంటే, 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా టోన్ (ఒకే స్వరం మోత) మెల్లగా నడిపిస్తూ షోకేస్ అద్దం, బీరువా తలుపు, కిటికీ రెక్కలు ఒక్కోటీ చేత్తో పట్టి చూడండి. పట్టుకోంగనే గుర్రు ఆగితే దొంగ దొరికినట్టే, అక్కడ చిన్న ఫెల్ట్ ముక్క అతికిస్తే చాలు.

ఫోమ్ ఎత్తును మూడు నెలలకోసారి అదే స్కేలుతో కొలుస్తుండండి. కుంగిపోయినట్టు కనిపిస్తే నాలుగు ముక్కలూ ఒకేసారి మార్చాలె.