పది ఆజ్ఞలట, నైట్లందరూ ప్రమాణం చేశారట!

ఈ నెలలో అదే మెసేజ్ ఐదో గ్రూపులోంచి వచ్చి పడింది. చుట్టూ బంగారు అంచు, మధ్యలో గుర్రం మీద నిలువెల్లా ఇనుము తొడుక్కున్న మనిషి, కింద "మధ్యయుగపు నైట్లు ప్రాణాలొడ్డి పాటించిన పది ఆజ్ఞలు". అందులో ఉన్నది ఇంతే: షార్లమేన్ (క్రీ.శ. 800 ప్రాంతపు ఫ్రాంకుల చక్రవర్తి) కాలంలో రాసిన నియమావళి ఒకటుంది. ప్రతి నైటూ దాని మీద ప్రమాణం చేసేవాడు. రోలాండ్ గాథ (ఆయన నైట్ రోలాండ్ మీద పాత ఫ్రెంచి యుద్ధకావ్యం), ఆర్థర్ రాజు కథలు దానికి సాక్ష్యం. నైట్ స్త్రీ మీద చెయ్యి వేయడు, అబద్ధమాడడు, ఓడినవాణ్ణి చంపడు, పేదవాణ్ణి కాపాడతాడు. "ఆ సంస్కారం పోయింది కాబట్టే ఆడపిల్లలకి ఈ గతి పట్టింది" అని ముగింపు. పది మందికి పంపమని విన్నపం. మనవాళ్ళు పంపుతున్నారు కూడా.

మొదట ఆ జాబితా పుట్టుక సంగతి. అది షార్లమేన్ కాలానిది కాదు, 1884 నాటిది. లియోన్ గొతియే అనే ఫ్రెంచి పండితుడు షివల్రీ, అంటే నైట్ల ధర్మం, మీద రాసిన పెద్ద పుస్తకంలోది. ఆయన అల్లాటప్పా మనిషి కాదు. రోలాండ్ గాథని స్వయంగా పరిష్కరించి అచ్చు వేయించినవాడు, వీరగాథలన్నీ నమిలి మింగినవాడు. తాను చదివినదాని సారాన్ని బైబిల్ పది ఆజ్ఞల అచ్చులో పోశాడు. పాత రాతప్రతిలో దొరికిన శాసనం కాదది. నాలుగో ఆజ్ఞ చూడండి: పుట్టిన దేశాన్ని ప్రేమించు. 1870లో ప్రష్యా చేతిలో దెబ్బ తిన్న ఫ్రాన్స్ గొంతు అది. పన్నెండో శతాబ్దపు నైట్‌ని "నీదే దేశం?" అని అడిగితే తన ప్రభువు పేరు చెబుతాడు.

ఆరో ఆజ్ఞ ఇంకా బాగుంటుంది. "అవిశ్వాసుల మీద విరామం లేకుండా, దయ లేకుండా యుద్ధం చెయ్యి." మన మెసేజ్‌లో ఇది "అన్యాయంపై అలుపెరగని పోరాటం చెయ్యి"గా మారిపోయింది. పండగ శుభాకాంక్షల కార్డు మీద అసలు వాక్యం బాగోదని ఎవరో మహానుభావుడు తోమి, కడిగి, రంగు వేశాడన్నమాట. రోలాండ్ గాథ మాత్రం ఏమీ దాచుకోలేదు. స్పెయిన్‌లో శత్రువుల నగరం జరగోసా పడిపోయాక లక్షమందికి పైగా బాప్తిస్మం ఇచ్చారని, కాదన్నవాళ్ళని చంపారని అందులోనే ఉంది.

అసలు ఆ గాథని నియమాల పుస్తకంగా చదవడమే వింత. వెనక దళంలో ఇరవై వేలమంది ఉన్నారు, శత్రువు ముంచుకొస్తున్నాడు. కొమ్ముబూర ఊది రాజుని పిలవమని రోలాండ్‌ని స్నేహితుడు ఒలివర్ మూడుసార్లు అడుగుతాడు. పరువు పోతుందని రోలాండ్ మూడుసార్లూ కాదంటాడు. దళం దాదాపు అంతా పోయాక రోలాండ్ ఊదుతానంటే, ఇప్పుడు ఊదడమే పరువు తక్కువంటాడు ఒలివర్. ఇద్దరూ పరువు గురించే మాట్లాడుతున్నారు, ఇద్దరి పరువూ ఒకటి కాదు. నియమావళి అంటూ ఉంటే ఆ రెండు పేజీల గొడవ ఎందుకు, తీసి చూసుకునేవాళ్ళు కదా!

ఈ మెసేజ్‌తో పాటు తిరిగే చిల్లర సంగతులు త్వరగా తేల్చేద్దాం. కవచం బరువుకి నైట్లని క్రేన్‌తో గుర్రమెక్కించేవారన్నది ఉత్తమాట. పదిహేనో శతాబ్దపు పూర్తి ఉక్కు కవచం సుమారు 20 నుంచి 25 కిలోలు, అదీ ఒంటినిండా సర్దుకుని ఉంటుంది. ఫ్రెంచి సేనాని బుసికో కవచంతో పల్టీలు కొట్టేవాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. సెల్యూట్ శిరస్త్రాణం పైకెత్తడం నుంచి వచ్చిందన్నదానికి ఆధారం లేదు. "ఇదంతా మన ధర్మయుద్ధానికి నకలు" అని ఒక వెర్షన్‌కి తోక తగిలించారు, దానికీ ఆధారం లేదు. పోలిక మాత్రం ఒకటుంది, పంపినవాళ్ళు అనుకున్నది కాదు. భీష్మపర్వం మొదట్లో ఇరుపక్షాలూ ఒప్పుకున్న నియమాలు పద్దెనిమిది రోజుల్లో ఏమయ్యాయో అభిమన్యుణ్ణి అడగాలి, రథచక్రం ఎత్తుతున్న కర్ణుణ్ణి అడగాలి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. "నైట్ స్త్రీ మీద చెయ్యి వేయడు."

ముందుగా, గొతియే పది ఆజ్ఞల్లో స్త్రీ అనే మాటే లేదు. మూడోది బలహీనులందర్నీ గౌరవించి కాపాడమంటుంది, అంతే. ఈ వాక్యం ఆ తర్వాత ఎవరో అతికించినది. రోలాండ్ గాథ సుమారు నాలుగు వేల పాదాలు. అందులో రోలాండ్‌కి కాబోయే భార్య ఓద్ వచ్చి, అతని మరణవార్త విని, కుప్పకూలి చనిపోయే ఘట్టం ముప్ఫై పాదాలు కూడా లేదు. రోలాండ్ చనిపోతూ తన కత్తితో మాట్లాడతాడు, గెలిచిన దేశాలని, రాజుని తలచుకుంటాడు. ఓద్ పేరెత్తడు.

సరే, అది యుద్ధగాథ, రొమాన్సులు వేరంటారా? వేరే. (రొమాన్సు అంటే ఇక్కడ ప్రేమకథ కాదు, లాటిన్‌లో కాకుండా జనం భాషలో చెప్పిన కథ.) స్త్రీల సేవలో నైట్ అనగానే అందరూ చూపించేది ఫ్రెంచి కవి క్రెతియాన్ ద త్రువా రాసిన లాన్సెలాట్ కథ, 1170ల చివర్లోది. నేరస్తుల్ని ఊరేగించే బండెక్కడానికి రెండడుగుల సేపు తటపటాయించాడని ఆర్థర్ రాణి గ్వినివీర్ అతనితో మాట్లాడడం మానేసేది ఇందులోనే. అదే కథలో, లాన్సెలాట్ వెంట ప్రయాణానికి ఒక అమ్మాయి బయల్దేరుతూ లోగ్రెస్, అంటే ఆర్థర్ రాజ్యం, ఆచారం ప్రకారం నన్ను కాపాడతానంటేనే వస్తానంటుంది. ఆ ఆచారం ఏమిటో కవే విడమరిచి చెప్పాడు. ఒంటరిగా కనిపించిన అమ్మాయిని నైట్ ముట్టకూడదు, ముట్టేకంటే గొంతు కోసుకోవడం మేలు. బలవంతం చేశాడా, ఏ ఆస్థానంలోనూ తలెత్తుకోలేడు. కానీ అదే అమ్మాయికి ఇంకో నైట్ తోడుంటే, వాణ్ణి పోరులో గెలిస్తే, ఆమెని ఏం చేసుకున్నా నింద లేదు, సిగ్గు లేదు.

ఇంకోసారి చదవండి. తప్పు ఆమెకి జరిగినట్టు ఎక్కడైనా ఉందా? అక్కడ కొలుస్తున్నది మగవాడికీ మగవాడికీ మధ్య పందెం. ఆమె పందెంలో ఒడ్డిన వస్తువు. ఇది ఊరికే చెప్పి వదిలేసిన మాట కూడా కాదు. కొంతదూరం పోయాక ఊట పక్కన రాతి మీద గ్వినివీర్ దువ్వెన దొరుకుతుంది, పళ్ళలో చిక్కుకున్న బంగారు వెంట్రుకలు చూసి లాన్సెలాట్ జీను మీంచి పడబోతాడు. వెంట్రుకలు గుండెకి ఆనించి దాచుకుని దువ్వెన ఆ అమ్మాయికిచ్చేస్తాడు. ఆ పారవశ్యం తీరకముందే ఇరుకు దారిలో ఒకడు ఎదురై, ఈమె నాది, తీసుకుపోతానంటాడు. ఆమెకి వాడంటే అసహ్యం. ఆ సంగతి వాడికి అనవసరం, ఆచారం తనవైపుంది! కత్తులు కలవకుండా ఆపినది ఏ నియమావళీ కాదు, వాడి ముసలి తండ్రి. ఒక వెంట్రుక కోసం మూర్ఛపోయే సున్నితత్వమూ, పక్కనున్న మనిషిని గెలుపు సొత్తుగా లెక్కేసే చట్టమూ వరసగా కొన్ని పేజీల్లోనే ఉన్నాయి. మెసేజ్ దువ్వెన తీసుకుని దారిని వదిలేసింది.

ఇక "స్త్రీ" అంటే ఎవరు? ఈ సాహిత్యంలో కోటలో పుట్టిన స్త్రీ. అదే కాలంలో ఆంద్రెయాస్ కపెలానుస్ అనే పాదిరి ప్రేమ మీద లాటిన్‌లో శాస్త్రం రాసి, ప్రేమకి 31 సూత్రాలు కూర్చాడు. రైతుల ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన సలహా: బాగా పొగుడు, అనువైన చోటు చూసుకో, కొంచెం బలం ఉపయోగించడానికి వెనకాడకు. అదంతా వ్యంగ్యమని కొందరి వాదన. ఉండనివ్వండి, విని నవ్విన సభ ఎలాంటిదో ఆలోచించండి. గొర్రెలు కాసే అమ్మాయి నైట్ కంటపడే పాటలు ఫ్రెంచిలో ఒక ప్రక్రియగానే ఉన్నాయి. కొన్నిట్లో ఆమె మాటలతో వాణ్ణి చిత్తు చేసి పంపుతుంది, కొన్నిట్లో బలాత్కారంతో ముగుస్తుంది, పల్లవి మాత్రం హుషారుగానే సాగుతుంది. ఈ సాహిత్యాన్ని చూపించి మన ఆడపిల్లలకి "ఆ రోజుల్లో భద్రత" గురించి పాఠం చెబుతున్నారంటే, చెప్పేవాళ్ళకి దండం పెట్టడం తప్ప చేసేదేముంది?

"ఓడినవాణ్ణి చంపడు." చాలాసార్లు నిజమే. శవం డబ్బివ్వదు కదా. పట్టుబడిన నైట్ అంటే గుర్రం, కవచం, విడుదల సొమ్ము. ఇంగ్లిష్ నైట్ విలియం మార్షల్ జీవితగాథలో లెక్క స్పష్టంగా ఉంది. ఆయనా, భాగస్వామి రోజర్ ద గోగీ కలిసి పెంతెకొస్తు పండగ నుంచి లెంట్ ఉపవాసాల వరకు టోర్నమెంట్లలో 103 మంది నైట్లని పట్టుకున్నారు, గుర్రాలూ సామగ్రీ అదనం. లెక్క రాసింది యువరాజు వంటింటి గుమాస్తా! దయ ఖాతా వంటింటి పద్దులో ఉందన్నమాట. లెక్క తప్పినప్పుడు 1415లో ఆజిన్‌కూర్ యుద్ధంలో ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ చేసిన పనీ తెలిసిందే, బందీలని చంపమన్నాడు.

"అబద్ధమాడడు" అన్నవాళ్ళు పద్నాలుగో శతాబ్దం చివరి ఇంగ్లిష్ కావ్యంలో ఆర్థర్ ఆస్థానపు నైట్ గవేన్‌ని చూడాలి. డాలు మీద ఐదు కోణాల నక్షత్రం, దానికి ఐదేసి చొప్పున ఐదు అర్థాలు, వాటిలో ఒకటి ఐదు సద్గుణాలు. ఆతిథ్యమిచ్చిన ఇంట్లో మూడు ఉదయాలు ఇంటావిడ పడగ్గదిలోకి వచ్చి కూర్చుంటుంది. విసురుగా పొమ్మంటే మర్యాద చెడుతుంది, ఒప్పుకుంటే శీలం, ఇంటాయన నమ్మకం రెండూ చెడతాయి. ఆ రోజు దొరికింది సాయంత్రం ఇచ్చిపుచ్చుకోవాలని ఇంటాయనతో ఒప్పందం. ముద్దులు నిజాయితీగా అప్పజెబుతాడు: ఒకటి, రెండు, మూడు. ప్రాణం కాపాడుతుందని ఆమె ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టు మాత్రం దాచేస్తాడు. దానికి శిక్ష మెడ మీద చిన్న గాటు. సిగ్గుతో కుమిలిపోతూ ఇంటికొస్తే ఆస్థానం నవ్వి, అలాంటి పట్టీలే అందరూ కట్టుకుంటుంది. ఇందులో "అబద్ధమాడకు" అనే ఆజ్ఞ ఎక్కడుందో వెతికి పెట్టండి.

పేదల రక్షణ విషయంలో కొంత తగ్గుతాను. క్రెతియాన్ రాసిన ఇవేన్ కథలో మూడు వందలమంది అమ్మాయిలు ఒక కోటలో బందీలుగా పట్టు నేస్తుంటారు, చిరుగుల బట్టలతో, ఆకలితో. తాము నేసినదాని మీద పౌనుకి నాలుగు దెనియేలే చేతికొస్తాయని చెబుతారు. పౌనుకి 240 దెనియేలు, అంటే అరవయ్యో వంతు. ఎవరి కోసం కష్టపడుతున్నామో వాడు మా చెమటతో ధనవంతుడయ్యాడంటారు. ఇవేన్ వాళ్ళని విడిపిస్తాడు. పన్నెండో శతాబ్దపు కవి కూలి లెక్క కట్టాడంటే టోపీ తీయాల్సిందే. కానీ 1270లలో షివల్రీ మీద పాఠ్యగ్రంథం రాసిన రామోన్ ల్యుల్, నైట్ అంటే జనానికి భయం ఉంటుంది కాబట్టే పొలాలు సాగవుతాయన్నాడు. కథలో విముక్తి, పాఠ్యగ్రంథంలో భయం.

ఇక్కడ మెసేజ్ పంపినవాళ్ళకి నేనే ఒక ఆయుధం ఇస్తాను. జాబితాలు అసలు లేవనడం కూడా తప్పే. పదమూడో శతాబ్దపు ఒక ఫ్రెంచి పద్యంలో బందీగా చిక్కిన హ్యూ అనే దొర సుల్తాను సలాదిన్‌కి నైట్ దీక్ష మెట్టుమెట్టుగా చూపిస్తాడు: స్నానం, పరుపు, తెల్ల నార, ఎర్ర అంగీ, నల్ల మేజోళ్ళు, తెల్ల నడికట్టు, గుర్రాన్ని అదిలించే మడమ ముళ్ళు, రెండంచుల కత్తి. చివర్లో కొట్టాల్సిన దెబ్బ ఒక్కటి మాత్రం, నేను నీ ఖైదీని, నీ మీద చెయ్యెత్తనంటాడు. ఆపైన నాలుగు నియమాలు చెబుతాడు: తప్పుడు తీర్పుకీ ద్రోహానికీ దూరంగా ఉండు, స్త్రీలకి సాయం కాదనకు, శుక్రవారం ఉపవాసముండు, రోజూ పూజకి వెళ్ళు. పది కాదు, నాలుగు.

ఇంకోటి పదిహేనో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత మాలొరీ ఆర్థర్ కథల్లో ఉంది. గుండ్రబల్ల నైట్లు ఏటా పెంతెకొస్తు నాడు చేసే ప్రమాణం: దౌర్జన్యం, హత్య చేయరాదు, శరణన్నవాడికి దయ చూపాలి, స్త్రీలకి అండగా ఉండాలి, డబ్బు కోసం తప్పుడు తగవులో కత్తి దూయరాదు. కానీ అది ఎప్పుడు పుట్టిందో చూడండి. తన వేటకుక్కల్ని చంపాడన్న కోపంతో, శరణన్న నైట్ తల నరకబోతాడు గవేన్. ఆ నైట్ ప్రియురాలు అడ్డంపడితే ఆమె తల తెగుతుంది. ఆ తల మెడలో వేలాడదీసుకుని, మొండెం గుర్రం జూలు మీద వేసుకుని ఆస్థానానికి వస్తాడు. శిక్ష వేసేది స్త్రీలే. అదే సందర్భంలో పెల్లినోర్ రాజు వేరే పని తొందరలో, బావి పక్కన సాయానికి అరుస్తున్న స్త్రీని చూసి కూడా ఆగడు. తిరిగొచ్చేసరికి ఆమె ప్రాణం తీసుకుంది, మృగాలు తినగా తల ఒక్కటే మిగిలింది. తీరా ఆమె అతని కూతురే. ఆ రెండు తలలూ ఆస్థానం చేరాకే ప్రమాణం వస్తుంది. ఈ కథలు రాసినవాడు తనని "ఖైదులో ఉన్న నైట్" అని చెప్పుకున్నాడు. ఎక్కువమంది పండితులు ఒప్పుకునే థామస్ మాలొరీ మీదున్న నేరారోపణల్లో దోపిడీతో పాటు బలాత్కారం కూడా ఉంది. అప్పటి చట్టం అపహరణకి కూడా అదే మాట వాడేదనుకోండి.

పంపాలనే ఉంటే ఈ ప్రమాణాన్ని పంపండి, అభ్యంతరం లేదు. ఒక్క జాగ్రత్త. 1934లో వించెస్టర్‌లో బయటపడిన మాలొరీ రాతప్రతిలో స్త్రీలని ఎన్నడూ బలవంతం చేయరాదు, చేస్తే మరణదండన అని ఉంది. కాక్స్టన్ అనే ముద్రాపకుడు 1485లో వేసిన అచ్చులో స్త్రీలకి సాయం చేయాలన్న మాట ఉంది, మరణదండనా ఉంది, బలవంతం గురించిన ముక్క లేదు. ఏ ప్రతిలోంచి ఎత్తారో చూసుకుని మరీ పంపండి.