నీటి పొదుపు, లైవ్‌లో

మా ఆవిడ చెన్నైలో, పెరంబూరు వైపు ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచరు. వాళ్ల బడికి ఇంగ్లండ్‌లో ఒక ప్రైమరీ స్కూలుతో భాగస్వామ్యం కుదిరింది. పెళ్లి సంబంధం కుదిరినంత హడావుడి. రెండు బడుల పిల్లలూ కలిసి చేయాల్సిన ప్రాజెక్టు: నీటి పొదుపు.

చెన్నైలో నీళ్ల కబుర్లకి కరువేముంది! 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోయినప్పటి నుంచి, లారీ హారన్ వినిపిస్తే మా అపార్ట్‌మెంట్ పెద్దవాళ్ల చెయ్యి ఇప్పటికీ బిందె మీదికే పోతుంది. కాబట్టి ప్రసంగాలు జోరుగా తయారయ్యాయి. ఒక పాపకి తమిళనాడులో ఇంకుడు గుంతలు తప్పనిసరి చేసిన 2003 సంగతి. ఒక బుడతడికి తెలుగుగంగ: 1983 ఒప్పందం, కండలేరు నుంచి పూండికి కాలువలో కృష్ణ నీళ్లు. "అది ఉండాల్సిందేనండీ, మా నెల్లూరు మీదుగా వస్తున్నాయి" అని మా ఆవిడ పట్టు. ఏడాదికి 12 టీఎంసీలని రాసుకున్నారు, అన్నీ వచ్చాయా అని మాత్రం ఎవరూ అడక్కూడదు.

టైమ్ లెక్క కంప్యూటర్ సారు చూసుకున్నారు. వాళ్లకి పొద్దున తొమ్మిదంటే మనకి మధ్యాహ్నం రెండున్నర. ఫిబ్రవరిలో ట్రయల్ కాల్ కూడా బ్రహ్మాండంగా జరిగింది. అసలు కాల్ మార్చి ఆఖరి వారంలో, మంగళవారం.

మన గడియారం కాకినాడ దగ్గర్లో పోయే 82.5 డిగ్రీల రేఖని పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. బ్రిటన్ వాళ్లది అలా కాదు. మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున ఒంటి గంటకి ముల్లు ఒక గంట ముందుకి తోసేస్తారు. ఆ రోజు నుంచి వాళ్ల తొమ్మిదికి మనకి ఒకటిన్నరే.

ఒకటిన్నరంటే లంచ్ బెల్.

నెట్ ఎప్పుడు పోతుందోనని లాప్‌టాప్‌ని ఒంటి గంటకే మీటింగ్‌లో పెట్టి, కీచుమనకుండా సౌండ్ కట్టేసి, టేబుల్ మీద ఉంచారు. "ఎవరైనా ముట్టుకుంటే చూడండి!" అని హెడ్మిస్ట్రెస్ హెచ్చరిక. టీచర్లంతా హాల్లో పూలదండల పనిలో ఉన్నారు.

అక్కడ ఇంగ్లండ్‌లో ముప్పై మంది పిల్లలు చేతులు కట్టుకుని చూస్తున్నారు. తెర మీద, 'ప్రతి చుక్కా విలువైనదే' అనే చార్టు కింద, గోంగూర పచ్చడికి ఆలూ వేపుడు మారకం జరుగుతోంది. బేరం తెగలేదు. ఒకడు మూత లాక్కున్నాడు. ఇంకొకడు బాటిల్ నీళ్లు వాడి నెత్తిన కుమ్మరించాడు. తర్వాత రెండు బెంచీలు పార్టీలుగా చీలిపోయాయి. తెలుగుగంగ ప్రసంగం చెప్పాల్సినవాడు ఒకే చేత్తో రెండు బాటిళ్లు ఖాళీ చేశాడట.

తెరలో తెల్ల పిల్లల్ని ఒక పాప చూసింది కూడా. చెయ్యి ఊపింది. "టీచరుకి చెప్పలేదేమే?" అంటే, "ముట్టుకోవద్దన్నారు కదా మిస్!"

రెండున్నరకి పట్టు పావడాలు, బొట్లు, ప్రసంగాలతో మనవాళ్లు బారులు తీరేసరికి అవతల తెర నల్లగా ఉంది. వాళ్లు ఆటలకి వెళ్లిపోయారు. హెడ్మిస్ట్రెస్ గారికి బీపీ మాత్ర, కంప్యూటర్ సారుకి చివాట్లు.

మర్నాడు అక్కడి టీచరమ్మ నుంచి మెయిల్. పిల్లలకి ఎంతో నచ్చిందట. రెండే సందేహాలట: ఆ ఆకుపచ్చ ముద్ద ఏమిటి? నీళ్లు చల్లుకోవడం వాన నీటి సంరక్షణలో ఎన్నో దశ? వచ్చే నెల కూడా దయచేసి లంచ్ టైమ్‌లోనే కలుద్దామని రాశారు.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ సాయంత్రం ఫోన్లే. లంచ్‌కి రిహార్సల్స్ మొదలయ్యాయి. పెరుగన్నంలో దానిమ్మ గింజలు, స్టీలు బాక్సు, బాటిల్లో సగమే నీళ్లు అని సర్క్యులర్. నిన్న ఒకావిడ చేసింది: "మిస్, మావాడికి ఒట్టి ఇడ్లీ రాశారు. పక్కింటి పిల్లకి పులిహోర ఇచ్చి, మావాణ్ణి మూల బెంచీలో పడేస్తే కెమెరాలో కనబడతాడా?"