అమ్మమ్మ కాసుని చింతపండుతో తోమకండి

"మీ ఇంట్లో బ్రిటిష్ బంగారు కాసు ఉందా? అయితే మీరు కోటీశ్వరులు!" అనే మెసేజ్ ఈ నెలలో నాకు రావడం ఇది ఐదోసారి. మొదట మా మేనమామ పంపాడు. తర్వాత ఆఫీసులో ఒకాయన, ఆ తర్వాత ఇంటర్లో నాతో చదివిన ఇద్దరు. నిన్న రాత్రి పదకొండున్నరకి మా చిన్న వదిన పంపి, కింద ఒక ప్రశ్న కూడా పెట్టింది: "నువ్వు ఇవి దాస్తావు కదా, నిజమేనా? లాకర్లో అమ్మమ్మగారిది ఒకటుంది, పడుచు విక్టోరియా రాణి తలతో. తోమమంటావా?"

మొదటి నాలుగింటికీ దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. "తోమమంటావా" అన్నాక ఊరుకోవడం పాపం.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్ సారాంశం (కాసు అంటే ఇక్కడ సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణెం). అమ్మేముందు తేదీ చూసుకోవాలి. 1937 నాటి కాసు పది కోట్లు. 1917 నాటిది ఏదైనా యాభై లక్షలు. కాసు మీద చిన్న అక్షరం ఉంటే రేటు డబుల్. ఎమ్ అంటే మద్రాసు, ఎస్ అంటే స్పెషల్. అసలుదో నకిలీదో అయస్కాంతం పెట్టి తేల్చుకోవచ్చు. ఈస్టిండియా కంపెనీవారి 1818 నాటి హనుమంతుడి బంగారు అణా బియ్యపు గింజల్ని లాగుతుంది. బంగారం కొట్లవాళ్లు బరువుకి కొని మోసం చేస్తారు కాబట్టి వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. చివరగా, చింతపండుతోనో టూత్‌పేస్టుతోనో తళతళలాడేలా తోమి, ఫోటో తీసి, కింద నంబరుకి పంపి, కాసు కొరియర్ చేస్తే లండన్ వేలంలో అమ్మిపెడతారట.

ముందు హనుమంతుణ్ణి వదిలించుకుందాం. అణాని బంగారంతో చేస్తే రూపాయి దేంతో చేస్తారండీ? కంపెనీ బంగారంతో కొట్టింది మొహర్లని. 1835లో నాలుగో విలియం తలతో, 1841లో విక్టోరియా తలతో వేసినవాటి మీద సింహం, తాటిచెట్టు ఉంటాయి. దేవుళ్ల బొమ్మలతో, 1818 అని తేదీతో తిరిగేవి గుళ్ల దగ్గర అమ్మే బిళ్లలు. ఇక బియ్యం లాగడం అంటారా, రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఎంతమందిని పట్టుకున్నారో పేపర్ చదివేవాళ్లందరికీ తెలుసు. లాగేది బియ్యాన్ని కాదు, మీ అడ్వాన్సుని.

అయస్కాంతం పరీక్ష. బంగారం అంటుకోదు, నిజమే. రాగీ అంటుకోదు, ఇత్తడీ అంటుకోదు, సీసమూ అంటుకోదు. పైగా కాసుల నకిలీల్లో చాలావాటిని అసలు బంగారంతోనే చేశారు. వాటి బెడద ఎంతగా పెరిగిందంటే, 1957లో బ్రిటన్ మళ్లీ కాసులు కొట్టడం మొదలుపెట్టడానికి అదీ ఒక కారణం. అక్షరాల అంచులు మెత్తబడి ఉండటం, వెనకవైపు డ్రాగన్‌ని చంపే సెయింట్ జార్జి గుర్రం కండలు బొద్దుగా ఉబ్బినట్టుండటం లాంటివి లెన్స్ కింద చూస్తేనే తెలుస్తాయి. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. రెండు దశాంశాల వరకు చూపించే చిన్న డిజిటల్ తూకం తెచ్చుకోండి. కొత్త కాసు 7.98 గ్రాములు తూగుతుంది. అరిగిన కాసు 7.94 కంటే తగ్గితే ఆ రోజుల్లో బ్రిటన్‌లో చెల్లనిచ్చేవారు కాదు. 7.6 వచ్చిందంటే మాత్రం కూర్చుని ఆలోచించాల్సిందే.

1937 సంగతి. పది కోట్లు అన్నది పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. ఎనిమిదో ఎడ్వర్డ్ తలతో 1937 తేదీ వేసిన కాసు ఒకటి 2020లో పది లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. అప్పటి లెక్కలో తొమ్మిది కోట్ల పైచిలుకు. కానీ అది ప్రజల చేతిలోకి వచ్చిన నాణెం కాదు. ఆయన ఏడాది కూడా నిండకుండానే, 1936 డిసెంబర్‌లో సింహాసనం వదిలేసి వెళ్లిపోయాడు. కొట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని నమూనాలు మాత్రమే. మరి 1937లో జనం వాడకానికి కాసులు కొట్టలేదా? లేదు. ఆరో జార్జి పట్టాభిషేకానికి సేకరణ కోసం మెరుగు దిద్దిన సెట్లు ఐదువేల చిల్లర చేశారు, అంతే. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఎనిమిదో ఎడ్వర్డ్ దొరకడమంటే, ఆవిడకి బకింగ్‌హామ్ ప్యాలెస్‌తో వియ్యం ఉండాలి.

1917 మాత్రం నన్ను నిజంగా చికాకు పెట్టిన పాయింటు, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ఆ ఏడాది లండన్ టంకశాలలో కొట్టిన కాసు నిజంగానే చాలా అరుదు. రికార్డు ప్రకారం పది లక్షల పైనే కొట్టారు, కానీ యుద్ధం ఖర్చుల్లో దాదాపు అన్నీ కరిగిపోయాయి. అదే 1917లో సిడ్నీలోనూ పెర్త్‌లోనూ కొట్టినవి లక్షల్లో ఉన్నాయి. వాటి మీద గుర్రం కాళ్ల కింద, నేల గీత మీద, సరిగ్గా సంవత్సరానికి పైన ఎస్ అనో పి అనో ఆవగింజ కంటే చిన్న అక్షరం ఉంటుంది. లండన్ కాసు మీద ఏ అక్షరమూ ఉండదు. అంటే మెసేజ్ చెప్పింది తల్లకిందులు: అక్షరం ఉంటే డబుల్ కాదు, ఈ ఒక్క సంవత్సరానికి అక్షరం లేకపోతేనే అసలు కథ. ఆ ఖాళీ కోసమే ఎక్కువ నకిలీలు పుట్టాయి. మామూలు 1917 కాసు మీద అక్షరాన్ని గీకేసి "లండన్ సార్" అనేవాళ్లూ ఉంటారు. కాబట్టి అక్షరం కనపడలేదని ఎగిరి గంతేయకండి, అక్కడ నేల గీత చదునుగా, గరుకుగా ఉందేమో చూడండి.

ఎమ్ అంటే మద్రాసు, ఎస్ అంటే స్పెషల్! ఇది రాసినవాడికి పి కనిపిస్తే పిఠాపురం అనేవాడేమో. ఎమ్ అంటే మెల్‌బోర్న్. అక్కడ 1872లో మొదలుపెట్టారు, మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది. ఎస్ అంటే సిడ్నీ, పి పెర్త్, సి కెనడా, ఎస్ ఏ అంటే దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. అన్నిటి మీదా ఒకే చోట వెతకొద్దు కూడా. పడుచు విక్టోరియా తలతో, వెనక డాలు బొమ్మ ఉన్న కాసుల మీద అక్షరం ఆకుల దండ కింద ఉంటుంది. అదే తలతో గుర్రం బొమ్మ ఉంటే, ఆవిడ మెడ కింద ఉంటుంది.

మన దేశానికి సంబంధించిన అక్షరం ఒకటే, ఐ. ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు! 1918లో బొంబాయిలో కొట్టిన కాసు అది. అంతకుముందు 1899 నుంచి పదిహేను రూపాయలకి ఒక కాసు చెల్లేలా చట్టం ఉండేది. మన ఇళ్లలోకి ఇన్ని కాసులు రావడానికి ఒక కారణం అదే, మన తూకంలో "కాసు" ఎనిమిది గ్రాములైంది కూడా దీని బరువు వల్లే. యుద్ధం రోజుల్లో కాసుల కొరత వచ్చి, అదే బరువుతో, అదే నాణ్యతతో బొంబాయిలో పదిహేను రూపాయల మొహరు వేశారు. తర్వాత అక్కడే లండన్ టంకశాల శాఖ తెరిచి అసలు కాసులే కొట్టారు. 1919కల్లా మూసేశారు. తేదీ మాత్రం 1918 ఒక్కటే. దాదాపు పదమూడు లక్షలు కొట్టారు కాబట్టి ఇదీ కోట్లు పలికే సరుకు కాదు. అయినా ఆ గుర్రం కింద ఐ కనపడ్డప్పుడల్లా నాకు గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త: 2013 నుంచి మన దేశంలోనే లైసెన్సు మీద మళ్లీ కాసులు కొడుతున్నారు, వాటి మీదా ఐ ఉంటుంది. ఎలిజబెత్ తల ఉన్న కాసుని "బొంబాయి పాత కాసు" అని కొనుక్కుని నా దగ్గరికి రాకండి.

ఇక తోమడం. పైన చెప్పినవన్నీ నమ్మితే మీకు జరిగే నష్టం పగటికలలు మాత్రమే. ఇది నమ్మితే నష్టం కాసుకే, అదీ తిరిగిరాని నష్టం.

కాసులో పదకొండు వంతులు బంగారం అయితే ఒక వంతు కలిపింది, ఎక్కువగా రాగి. ఆ రాగి వల్లే పాత కాసు మీద ఎర్రటి, తేనె రంగు మసక పట్టి ఉంటుంది. ముఖ్యంగా అక్షరాల చుట్టూ, డ్రాగన్ రెక్కల సందుల్లో. అది మురికి అనుకుంటారు. సేకరించేవాడు వెతికేదే ఆ మసక కోసం! ఎవరూ చెయ్యి పెట్టలేదనడానికి సాక్ష్యం అది. చింతపండు పులుపు ఆ రాగి మసకని తినేస్తుంది, పీచు రుద్దుడుకి మిగతా పని అవుతుంది. టూత్‌పేస్టులో ఉండేది సన్నటి పొడి, అంటే మెత్తని గరుకు కాగితమే. కంసాలి దగ్గర మెరుగు పెట్టించడం ఇంకా ఘోరం. ఆసిడ్‌లో ముంచితే మసకతో పాటు పైపొర బంగారం కూడా కాస్త పోతుంది.

నాకెలా తెలుసంటారా? ఈ పాపం నేనూ చేశాను. డిగ్రీ రెండో ఏడాదిలో అమ్మమ్మ నాకు ఇచ్చింది 1918 నాటి ఐ కాసే. దాని మీద వరలక్ష్మీ వ్రతాల పసుపు, కుంకుమ గడ్డకట్టి ఉన్నాయి. పాత బ్రష్షు, తెల్ల పేస్టు తీసుకుని ఇరవై నిమిషాలు తోమాను. అద్దంలా మెరిసింది. గర్వంగా హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనకి పట్టుకెళ్లి ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన అంచులు రెండు వేళ్లతో పట్టుకుని, దీపం కింద కొంచెం వాల్చి, రెండు సెకన్లు చూసి, "ఏ పేస్టు బాబూ?" అన్నాడు. తర్వాత లెన్స్ నా చేతికిచ్చాడు. రాజుగారి చెంప మీద, మెడ మీద, ఖాళీ జాగా అంతటా ఒకే వాలులో వందల గీతలు, దువ్విన జుట్టులాగా. నా చేతివాటం ఎటో కూడా తెలిసిపోతోంది. ఆ గీతలు ఈ రోజుకీ అలాగే ఉన్నాయి.

అందుకే వదినా, ఏమీ చేయొద్దు. పసుపు మరీ అంటుకుని ఉంటే మంచినీళ్లలో ఒక రాత్రి నానబెట్టు. తుడవకు, మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి ఆరనివ్వు. ఇంకో కాసుకి రాసుకోకుండా విడిగా పెట్టు.

లండన్ వేలానికి కొరియర్ అన్న మాట చూసి నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది, మామయ్య లాంటివాళ్లు ఎవరైనా పంపేస్తారేమోనని. మన 1972 పురావస్తువుల చట్టంలో వందేళ్లు దాటిన నాణెం కూడా పురావస్తువే. దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు. 1918 కాసుకి వందేళ్లు ఎప్పుడో దాటాయి. ఇక ఆ నంబరువాడి విషయానికి వస్తే, పాత నాణేలు కొంటామంటూ చార్జీలు, కమీషన్లు, పన్నులు అడిగేవాళ్ల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. వాడు మీ కాసు లండన్‌కి పంపడు, కంగారు పడకండి. వాడి ఇంటి దగ్గర కొట్టులోనే కరిగిస్తాడు.

బంగారం కొట్టువాళ్ల గురించి ఒక మాట. ఈ పాయింటు దగ్గర మెసేజ్ మీద విరుచుకుపడాలని కూర్చున్నాను, కానీ అంతా కొట్టిపారేయలేను. అరిగిపోయిన, ఉంగరం తగిలించి అతికిన మామూలు ఐదో జార్జి కాసుకి కొట్టువాడు 7.32 గ్రాముల మేలిమి బంగారం లెక్కగట్టి ఇస్తే అది మోసం కాదు, దాని న్యాయమైన ధర దాదాపు అంతే. నా దగ్గర ఉన్నవాటిలో సగానికి పైగా అంతకంటే ఎక్కువ పలకవు, ఈ విషయం మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. కానీ కొట్టులో తూకం చూస్తారు, తేదీ చూడరు. 1819 నాటిదైనా వాళ్లకి అంతే గ్రాములు. ఆ ఏడాది మొత్తం కొట్టింది 3,574. అమ్మేముందు తేదీ చూసుకోండి అని ఆ మెసేజ్ రాసినవాడు అన్నాడు. ఆ ఒక్క ముక్క మాత్రం కరెక్టే రాశాడు.

కాసులపేరులో ఉన్నవాటి జోలికి అసలు పోకండి. ఉంగరం అతికినప్పుడే సేకరణ విలువ పోయింది, ఊడదీస్తే మచ్చ మిగులుతుంది. పెళ్లిళ్లకి వేసుకోండి, బాగుంటుంది.

విడి కాసు ఉన్నవాళ్లు నాకు పంపాల్సింది ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు ఒకటి, అంచు పళ్లు కనిపించేలా ఒకటి, తూకం అంకె ఒకటి. ఎండలో కాదు, కిటికీ పక్కన నీడలో తీయండి. వదినా, నీది పడుచు విక్టోరియా అన్నావు. డాలు బొమ్మ ఉంటే ఆకుల దండ కింద అక్షరం గానీ అంకె గానీ ఏదైనా ఉందేమో చూసి చెప్పు. చేత్తో అంచులే పట్టుకో.