ఎంక్వైరీ వెయ్యడానికీ ఓ చట్టమా?

కెనడావాళ్లకి ఎంక్వైరీ వెయ్యడం చేతకాదు. ఈ మాట అనడానికి విజయనగరంవాడికి ఏం అర్హత ఉందని మీరు అడగొచ్చు. దండిగా ఉంది. రోడ్డు వేసిన నెలకే గుంత పడినా, రేషన్ బియ్యం లారీ దారి తప్పినా, 'ఎంక్వైరీ ఏసినార్ట' అన్న కబురు చెవిన పడగానే భోంచేసి నిశ్చింతగా పడుకునే జనం మేం. ఎంక్వైరీ పడిందంటే ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తరని మాకు పుట్టుకతో తెలుసు. అలాంటి మాకు, 2010 జూన్‌లో టొరంటోలో జరిగిన జీ-20 సదస్సును ప్రభుత్వం నడిపిన తీరు మీద బహిరంగ విచారణ జరిపి తీరాలని ఏకంగా చట్టమే తేవాలన్న ప్రతిపాదన సంగతి తెలిసేసరికి ప్రాణం ఉసూరుమంది. అయ్యో, మరీ ఇంత అమాయకులా!

చట్టం చేస్తే విచారణ నిజంగా జరిగిపోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. మన 1952 నాటి విచారణ సంఘాల చట్టం ఎంత ముచ్చటైనదో ఓసారి చూడండి. సభ తీర్మానం చేస్తే సంఘాన్ని వెయ్యక తప్పదు, లేకపోతే ప్రభుత్వం ఇష్టం. సభలో మెజారిటీ ఎవరిదో వేరే చెప్పాలా? సంఘం ఇచ్చిన సిఫార్సులకి ప్రభుత్వం కట్టుబడి ఉండక్కర్లేదు. ఇక గడువంటారా, బాబ్రీ మసీదు కూల్చివేత మీద 1992 డిసెంబరులో వేసిన లిబర్‌హాన్ కమిషన్‌ని మూడు నెలల్లో నివేదిక ఇమ్మన్నారు. 48 పొడిగింపుల తర్వాత 2009లో ఇచ్చింది. హడావుడి పడలేదు, ఎవర్నీ పెట్టలేదు. పరిపక్వత అంటే అదీ.

ఇంతకీ టొరంటోలో ఏం జరిగిందని వీళ్ల గొడవ? ముందు చెరువు గురించి చెప్పుకోవాలి. టొరంటోకి ఉత్తరాన హంట్స్‌విల్ అనే చిన్న ఊళ్లో జీ-8, అంటే ఎనిమిది పెద్ద దేశాల సదస్సు, ఆ వెంటనే టొరంటోలో జీ-20. రెంటికీ కలిపి సుమారు 110 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి విలేకరులు వస్తారు కదా, వాళ్లు పాపం హంట్స్‌విల్ వైపు సరస్సుల అందం చూడకుండానే వెళ్లిపోతారేమోనని, టొరంటో మీడియా సెంటర్ లోపల, పైకప్పు కింద, ఓ ఉత్తుత్తి చెరువు కట్టారు. కుర్చీలు వేశారు, పడవలు పెట్టారు. ఆ నీటి మడుగు ఒక్కదానికే 57,000 డాలర్లు. మీడియా సెంటర్ బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే అసలు సిసలు ఒంటారియో సరస్సు ఉంది. అవతలి ఒడ్డు కనపడనంత సరస్సు. దానికి పైసా అడగలేదనే కాబోలు, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

గంటస్తంభం దగ్గర టీ కొట్టులో ఈ సంగతి చెబితే, గ్లాసులు కడుగుతున్న మావ చెయ్యి ఆపేశాడు. "ఏటి బావూ, పక్కన అంతేసి సెరువెట్టుకోని లోపల ఇంకోటి తవ్వినారా? మనోలు నయం కదేటి. ఉన్న సెరువు కప్పెట్టి సైట్లేసి అమ్ముకుంతారు గానీ, లేన్ది తవ్వి డబ్బులు తగలేసీసుకుంతారా?" అభివృద్ధి అర్థశాస్త్రాన్ని ఇంత క్లుప్తంగా నేను మరెక్కడా వినలేదు. అంతెందుకు, మా పక్క విశాఖలో 2023 మార్చిలో జీ-20 వర్కింగ్ గ్రూపు సమావేశం జరిగింది. ఊరికి రంగులేశారు, మొక్కలు నాటారు, సముద్రాన్ని మాత్రం ఉన్నచోటే ఉండనిచ్చారు.

తర్వాతది మండపాల భాగోతం. జీ-8 జరిగిన నియోజకవర్గానికి 5 కోట్ల డాలర్లు పారాయి. పార్లమెంటును అడిగింది మాత్రం సరిహద్దుల్లో రద్దీ తగ్గించే పద్దు కింద. ఆ నియోజకవర్గానికి ఏ దేశంతోనూ సరిహద్దు లేదు, కాబట్టి రద్దీ పూర్తిగా తగ్గిపోయిందని ఘంటాపథంగా చెప్పొచ్చు. సదస్సుకి దూరంగా ఉన్న ఊళ్లలో పార్కు మండపాలు, మరుగుదొడ్లు వెలిశాయి. మొత్తం 32 పనులు. వాటిని ఎలా ఎంచుకున్నారో చెప్పే కాగితాలు లేవని 2011లో ఆడిటర్ జనరల్ తేల్చారు. మా దగ్గర కాగితాలు ఉంటాయి, పని ఉండదు. వాళ్ల దగ్గర పని ఉంది, కాగితాలు లేవు. రెండు దేశాలూ ఓ అవగాహన ఒప్పందం రాసుకుంటే లోటు తీరిపోతుంది.

అసలు కళ మాత్రం కంచె దగ్గర కనబడుతుంది. సదస్సు చుట్టూ కంచె కట్టారు. 1939లో, యుద్ధం రోజుల్లో, ప్రభుత్వ కట్టడాల రక్షణకి చేసిన ఓ పాత చట్టాన్ని దుమ్ము దులిపి, దాని కింద, టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర మంత్రివర్గం జూన్ 2న ఓ నిబంధన చేసింది. చప్పుడు లేదు, చాటింపు లేదు. కంచెకి ఐదు మీటర్ల దాకా వస్తే పేరు చెప్పాలి, సంచీ చూపించాలి, లేదంటే అరెస్టే అని జనం అనుకున్నారు. పోలీసులూ అలాగే నడిపించారు. సదస్సు అయ్యాక అసలు ఆ ఐదు మీటర్ల నిబంధన ఉందా అని అడిగితే, లేదని పోలీసు చీఫ్ బిల్ బ్లెయిర్ నవ్వుతూనే ఒప్పుకున్నారు. ఉన్న నిబంధన కంచె లోపలికే. సదస్సు జూన్ 27న ముగిసింది. నిబంధన గడువు 28తో తీరింది. ఒంటారియో గెజిట్‌లో అచ్చయింది జులై 3న.

దీన్ని పరిపాలన అంటారు. మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షల మంది వస్తారు. దసరా వెళ్లిన మంగళవారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసకేస్తే రాలరు. ఏ వీధి మూస్తారో, ఆర్టీసీ బస్సు ఎటు తిప్పుతారో, బండి ఎక్కడ పెట్టుకోవాలో ముందుగానే పేపర్లో వేసి, మైకు కట్టిన ఆటోలో ఊరంతా తిరిగి అరుస్తారు. ఎంత మొరటుతనం! సిరిమాను తిరిగిపోయి, జనం ఇళ్లకెళ్లి, మిగిలిన బూరెలు కూడా తిన్నాక ఆ వచ్చే వారం తాపీగా ప్రకటించొచ్చని ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టలేదు.

ఆ వారాంతంలో 1,100 మందికి పైగా అరెస్టయ్యారు. కెనడా చరిత్రలో అప్పటిదాకా అన్ని అరెస్టులు ఒక్కసారిగా జరగలేదు. వాళ్లని ఉంచడానికి ఓ సినిమా స్టూడియోని జైలుగా మార్చారు. మనవాళ్లు స్టూడియో చూడ్డానికి హైదరాబాదులో టికెట్టు కొంటారు, అక్కడ ఉచితం. 27 సాయంత్రం క్వీన్, స్పడైనా వీధుల కూడలిలో పోలీసులు నాలుగు వైపులా కట్టేసి, కొన్ని వందల మందిని గంటల తరబడి వానలో నిలబెట్టారు. అందులో నినాదాలిచ్చేవాళ్లతో పాటు దారిన పోతున్నవాళ్లూ ఉన్నారు. అరెస్టయినవాళ్లలో ఎక్కువమందిని చివరికి ఏ కేసూ లేకుండానే వదిలేశారు.

అయితే విచారణలు జరగలేదనుకుంటే పొరపాటు. ప్రభుత్వం మీద జనం ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఆ రహస్య నిబంధనని చూశారు, రాజ్యాంగానికి నిలవకపోవచ్చన్నారు. ఆడిటర్ జనరల్ డబ్బు చూశారు. పోలీసుల మీద ఫిర్యాదులు చూసే అధికారి లాఠీలు చూశారు. జస్టిస్ మోర్డెన్ నగర పోలీసుల్ని అజమాయిషీ చేసే బోర్డుని చూశారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు తలో గదీ వచ్చింది, వీధి గుమ్మం మాత్రం ఎవరి వాటాలోకీ రాలేదు. ఇంతమందిని ఊరి మీదకి తోలింది దేశ రాజధాని ఒట్టావా పెద్దలా, రాష్ట్రమా, నగర పోలీసులా, ఎవరి మాట ఎవరు విన్నారు అన్నది మొత్తంగా అడిగే చోటు లేకుండా పోయింది. ఇంత పకడ్బందీగా కుదిరినదాన్ని ఒక్క చట్టంతో చెడగొడతామంటే ఎలా?

పైగా ఫలితాలు వచ్చాయి కదా. మండపాల నియోజకవర్గం ఎంపీ టోనీ క్లెమెంట్ 2011లో ప్రభుత్వ ఖర్చుల్ని కాపలా కాసే ట్రెజరీ బోర్డుకి అధ్యక్షుడయ్యారు. పోలీసు చీఫ్ 2015లో ఎంపీ అయ్యారు, 2019లో ప్రజా భద్రతా మంత్రి అయ్యారు. ఓ పోలీసు సూపరింటెండెంటుకి మాత్రం సెలవులు కోశారు. ఎవరో ఒకరికి ఏదో ఒకటి కోయాలి కదా, పాపం. అరెస్టయినవాళ్లకి 2020లో, అంటే పదేళ్లకి, 1.65 కోట్ల డాలర్ల పరిహారం కుదిరింది. మనిషికి 5,000 నుంచి 24,700 డాలర్ల దాకా. చెల్లించింది ఎవరంటారా? వానలో నిలబడ్డవాళ్లు కట్టిన పన్నుల్లోంచే.

అయినా చట్టం కావాల్సిందేనని పట్టుబడితే, ముసాయిదా రాయడంలో ఉత్తరాంధ్ర సాయం ఎప్పుడూ ఉంటుంది. విచారణ సంఘానికి అద్దె భవనం ఇవ్వాలి, అద్దె బకాయి పడాలి. స్టెనో పోస్టు ఖాళీగా ఉండాలి. సాక్షులకి సమన్లు పాత చిరునామాకి వెళ్లాలి. ఓ తుపానుకి రికార్డు గది తడవాలి, తడిసిందా లేదా అని తేల్చడానికి ఉపసంఘం వెయ్యాలి. ఇక అతి ముఖ్యమైన ఆఖరి సెక్షన్: ఈ చట్టం గెజిట్‌లో అచ్చయిన రోజు నుంచి అమల్లోకి వస్తుంది, గెజిట్ మాత్రం ఒంటారియో సంప్రదాయం ప్రకారం సంఘం గడువు ముగిసిన మరుసటి శనివారం అచ్చవుతుంది.