బ్యాటరీ ఆరోగ్యం కాగితం మీదకు రావాలి

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తారు. బానెట్ ఎత్తించి ఇంజిన్ చప్పుడు వింటారు. ఆయిల్ పుల్ల లాగి చూస్తారు. పొగ రంగు చూస్తారు, టైర్ల అరుగుదల తడుముతారు. ఎలక్ట్రిక్ కారు దగ్గర ఈ అనుభవం పెద్దగా అక్కరకు రాదు. ధరలో పెద్ద వాటా ఉన్న బ్యాటరీ కారు అడుగున సీలు వేసి ఉంటుంది. అదెంత అరిగిందో కంటికి కనబడదు, చెవికి వినబడదు. ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందో డాష్‌బోర్డు మీద చూపే అంకెనూ నమ్మడానికి లేదు. చాలా కార్లలో అది ఈమధ్య బండిని ఎలా నడిపారన్నదాన్ని బట్టి మారిపోతుంది. నాలుగు రోజులు నింపాదిగా తోలితే పెరుగుతుంది, హైవే మీద ఏసీ వేసి తొక్కితే తగ్గుతుంది.

అందుకే కొనేవాళ్లు భయంతో ధర తెగ్గోస్తున్నారు. కారును ప్రాణంగా చూసుకున్న యజమాని కూడా ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నాడు. ఇది అన్యాయం.

నిజానికి భయపడినంతగా బ్యాటరీలు అరగడం లేదు. వేల వాహనాల డేటాను పరిశీలించిన జియోట్యాబ్ సంస్థ, తరుగుదల సగటున ఏడాదికి 1.8 శాతమని 2024లో లెక్కగట్టింది. ఆ లెక్కన ఎనిమిదేళ్లకూ 85 శాతం సామర్థ్యం మిగలాలి. కానీ సగటును నమ్ముకుని మన ఎండల్లో కారు కొనలేం. అమెరికాలో ఎండలు మండే అరిజోనాలో 2012లో ఏమైందో గుర్తుచేసుకోవాలి. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని తొలి నిస్సాన్ లీఫ్ కార్లలో బ్యాటరీ సామర్థ్యాన్ని చూపే 12 గీతల్లో కొన్ని ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉంది. అయినా హైదరాబాద్‌లో సెల్లార్ నీడన ఉండే కారూ, నిండా ఛార్జ్ చేసి రెంటచింతల ఎండలో వదిలేసే కారూ ఒకేలా అరగవు. మోడల్, ఏడాది చూసి రేటు కట్టడం ఇక్కడే బెడిసికొడుతుంది.

ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలని ఐక్యరాజ్య సమితి వేదికగా 2022లో ప్రమాణం కుదిరింది. ఐరోపాలో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీ పాస్‌పోర్టు, అంటే బ్యాటరీ వివరాలు నమోదై ఉండే డిజిటల్ పత్రం, తప్పనిసరి.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. మంచి పనే. ప్రజల సొమ్ము వదులుకున్నప్పుడు కంపెనీల నుంచి ఒక్క కాగితం అడిగే హక్కూ ప్రభుత్వాలకు ఉంటుంది. యాజమాన్య బదిలీకి ఇచ్చే 29, 30 ఫారాలతో పాటు బ్యాటరీ ఆరోగ్య ధ్రువపత్రం జతచేయించాలి. ఆ పరీక్ష అన్ని కంపెనీలకూ ఒకే పద్ధతిలో జరగాలి. కొన్ని కంపెనీలు ఘనంగా చెప్పుకునే జీవితకాల వారంటీ, షరతులు చదివితే మొదటి యజమానికే పరిమితం. వారంటీ కారుకు ఉండాలి, మనిషికి కాదు.

2020లో మార్కెట్లోకి వచ్చిన తొలి నెక్సాన్ ఈవీలకు ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ 2028తో తీరిపోతుంది. వాటిని కొనబోయే కుటుంబాల చేతికి ఆ కాగితం అప్పటికల్లా అందాలి.